ఆగాల్సిన చోటికి మూరెడు అవతల

నా షెడ్డును మూయించింది ప్రభుత్వమూ కాదు, పక్క షెడ్డువాళ్లూ కాదు, నా మోకాళ్లు. నాకు యాభై ఆరేళ్లు వచ్చేసరికి రెండూ ఒకేసారి రాజీనామా ఇచ్చాయి. నేను కింద కూర్చుని లేస్తే వచ్చే చప్పుడుకు జడ్చర్ల చౌరస్తాలో లారీలు పక్కకు తప్పుకునేవంటే మీరు నమ్మరు. కనీసం ఒక లారీ తప్పుకుంది, డ్రైవరు ఇంకా బతికే ఉన్నాడు, అడగండి. ముప్పై ఎనిమిదేళ్లు బండ్ల కింద పడుకున్నాను. ఇంట్లో మంచం మీద పడుకున్నదానికంటే అదే ఎక్కువని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ స్కానరు కొనాలి, ఏ కోర్సు చెయ్యాలి. అవి నాకంటే మీకే బాగా తెలుసు. నాకు తెలిసింది ఒక పాత కారు సంగతి. దాని బ్రేకు విషయంలో నేను రెండుసార్లు "బాగైంది" అన్నాను, మూడోసారి "ఏం లేదు" అన్నాను. మూడుసార్లూ తప్పే. బ్రేకు పనిలో మూడు తప్పులు చేసి కూడా ఎవరి ప్రాణమూ పోకపోవడం నా గొప్ప కాదు. అందుకే దాచకుండా రాస్తున్నాను.

మా ఉస్తాద్

నాకు పని నేర్పింది గఫార్ ఉస్తాద్. ఆయన మీసం గురించి చెప్పాలంటే వేరే పుస్తకం కావాలి. ఒక కొస మహబూబ్‌నగర్ దిక్కు, ఇంకో కొస హైదరాబాద్ దిక్కు చూసేది. బండి గేటు దాటకముందే బ్రేకు లైనింగు వాసన పట్టి, ఏ చక్రమో చెప్పేవాడు. ఒక్కోసారి డ్రైవరు పొద్దున ఏం తిన్నాడో కూడా చెప్పేవాడు.

ఆయన నుంచి నేర్చుకున్న మంచి మాట ఒకటుంది. కొత్తలో నేను ఇంజను పని అంటే ఎగిరి గంతేసేవాణ్ని, బ్రేకు పని అంటే మొహం చాటేసేవాణ్ని. ఒకరోజు చెవి పట్టుకుని అడిగాడు.

"ఇంజను చెడితే బండి ఏమైతదిరా?"

"ఆగుతది ఉస్తాద్."

"బ్రేకు చెడితే?"

"ఆగదు."

"మరి ఏది ముందుగాల నేర్సుకోవాలె?"

ఆ తరువాత ముప్పై ఎనిమిదేళ్లలో నేను ఆ ప్రశ్నను మరిచిపోలేదు. చెవి మరిచిపోనివ్వలేదు.

ఆయన నుంచి నేర్చుకున్న చెడ్డ పనీ ఒకటుంది. బండి తెచ్చిన మనిషి నోరు తెరవగానే ఆయన ఎదురుగా ఉన్న హోటలు చూపించి, "చాయ్ తాగి రాపో, నేను బండినే అడుగుత" అనేవాడు. అది నాకు మహా దర్జాగా కనిపించింది. నా షెడ్డు నేను పెట్టుకున్నాక నేనూ అలాగే అన్నాను. ఉస్తాద్ కాలం బండ్లలో ఆ దర్జా చెల్లింది. లోపం ఉంటే పొద్దస్తమానం ఉండేది, చెయ్యి పెడితే దొరికేది. ఇప్పటి బండ్లలో లోపం వస్తుంది, పోతుంది. అది వచ్చినప్పుడు చూసిన సాక్షి ఒక్కరే, బండి నడిపే మనిషి. ఆ సాక్షిని చాయ్‌కి పంపితే మనకు మిగిలేది మన మీసమే.

టేపు పెట్టి కొలిచిన మనిషి

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు, ఒక చలికాలం చివర్లో ఎస్తేరమ్మ నా షెడ్డుకొచ్చింది. ఆత్మకూరులో బట్టలు కుడుతుంది. నలభై లోపే ఉంటుంది. వాళ్లమ్మకు కిడ్నీలు పనిచేయవు. మంగళ, గురు, శనివారాల్లో మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఎస్తేరమ్మ అన్న ప్రభుదాస్ జడ్చర్లలో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, షిఫ్టుల మనిషి, ప్రతిసారీ రాలేడు. అందుకని తన పెద్దసారు వదిలించుకున్న పాత కారు కొని చెల్లెలికి ఇచ్చాడు. ఆమె నడపడం నేర్చుకుంది. తల్లి మంచం మీద ఉండే నాలుగు గంటల్లో కారును నా దగ్గరకు తెచ్చింది.

"కరీం భాయ్, నేను బ్రేకు తొక్కుతుంటె బ్రేకే నా కాలును తన్నుతాంది."

"ఎంత స్పీడు మీద?"

"స్పీడేంది? ఆగవోతున్నప్పుడే. ఇగ ఆగింది అనుకున్నంక గర్రుమంటది, మూరెడు ముంగటికి పోతది."

"మూరెడా?"

"మూరెడు మీద బెత్తెడు. టేపు వెట్టి కొలిచిన."

నేను హోటలు చూపించాను.

కారు పుట్టి అప్పటికి పన్నెండేళ్లు దాటింది. వయసు నాకు తెలియకుండా దాచినా, తలుపు మూసినప్పుడు అది పెట్టిన మూలుగు విని చెప్పేవాణ్ని. దానికి ఏబీఎస్ ఉంది. తెలియని వాళ్లకోసం రెండు మాటలు. ప్రతి చక్రం దగ్గరా పళ్లున్న ఒక రింగు, దాని ఎదురుగా వేలెడంత సెన్సారు ఉంటాయి. చక్రం ఎలా తిరుగుతోందో ఆ సెన్సారు వైరు ద్వారా ఒక పెట్టెకు చెబుతుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా ఆ పెట్టె క్షణానికి ఇన్నిసార్లని బ్రేకును వదులుతూ పట్టుకుంటూ ఉంటుంది. పాదం కింద గరగరమనేది అందుకే. అది మంచిదే. కానీ వైరు అబద్ధం చెబితే? తిరుగుతున్న చక్రం ఆగిపోయిందని పెట్టె నమ్ముతుంది, మంచిగా పట్టుకున్న బ్రేకును వదిలేస్తుంది. మనం తొక్కుతూనే ఉంటాం, బండి పోతూనే ఉంటుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసీ మొదటిసారి ప్యాడ్లు మార్చాను, పాత బ్రేకు ఆయిలు తీసి కొత్తది పోసి గొట్టాల్లో గాలి తీశాను, చక్రాల లోపల చెత్త పీకేశాను, సెన్సార్ల మీద మట్టి తుడిచాను. షాద్‌నగర్ దిక్కు హైవే మీద ఎనభైలో పోయి ఒక్క తొక్కు తొక్కాను. కారు ఎంత చక్కగా ఆగిందంటే నా నోట్లోని వక్కపొడి అద్దానికి తగిలింది. "బాగైంది, తీస్కపోండ్రి" అన్నాను.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి ఏబీఎస్ పసుపు దీపం కూడా ఒకసారి వెలిగి, బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పోయిందట. పెట్టె దాచుకున్న తప్పులు చదివే స్కానరు పెట్టాను. ముందు కుడి చక్రం సెన్సారు అని చూపించింది. కారును జాకీ మీద లేపి, కరెంటు పోతోందో లేదో చూపే మీటరు పెట్టి, వైరు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాను. ఏ లోపమూ లేదు. ఆ తప్పు కోడు చెరిపేశాను. "బాగైంది" అన్నాను.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక నోటుబుక్కు ఉంది. జాకెట్ల కొలతలు రాసుకునే బుక్కు.

"భాయ్, ఎప్పుడెప్పుడు జారిందో అన్నీ రాసుకొచ్చిన. జర చూడుండ్రి."

నేను ఒక్క చూపు చూశాను. భుజం పద్నాలుగు, చెయ్యి తొమ్మిది, దాని కిందే 'దవాఖాన గేటు, ఎడమ, గడ్డ, మూరెడు'. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆపైన ఈ వృత్తిలో నేను అన్న మాటలన్నింటిలోకీ చెత్త మాట అన్నాను.

"అమ్మా, బండిల ఏం లేదు. మీరు సగం సగం తొక్కుతున్నరు. ఆడోళ్లకు జర భయముంటది గదా."

ఆమె బుక్కు మూసింది. "భయపడేటోళ్లు ఓళ్ల పెండ్లి చీర మీదనో కత్తెర వెడుతరా భాయ్?" అని, కారెక్కి వెళ్లిపోయింది.

షెడ్డులో అందరూ నన్నే చూశారు. నేను ఒక నట్టును పావుగంట శ్రద్ధగా చూశాను. దాంట్లో చూడ్డానికి ఏమీ లేదు.

గురువారం

ఆ వచ్చిన గురువారమే దవాఖాన గేటు దగ్గర కారు ముందున్న ఆటోకు తగిలింది. ఆటోకు ఒక లైటు పగిలింది. వెనక సీట్లో ఉన్న తల్లి నుదురు ముందు సీటుకు కొట్టుకుని బొప్పి కట్టింది. అంతకు మించి ఏమీ కాలేదు. మధ్యాహ్నం ప్రభుదాస్ ఆ కారును నా షెడ్డుకు తెచ్చాడు, గేరు మీద ఆపుకుంటూ, నడిచే మనిషికంటే మెల్లగా. దిగి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"భాయ్, నువ్వే అన్నవంట గదా, బండిల ఏం లేదు, నడిపేటోళ్లదే తప్పు అని."

నోరు తెరిచాను, మాట రాలేదు. నన్ను ఎరిగినవాళ్లకు ఇదే ఈ కథలో నమ్మలేని భాగం.

"అందుకే ఇగ మా చెల్లె నడుపుడు బందువెట్టిన. ఐతారం నాడు ఒకాయన చూడనీకె వస్తాండు, అమ్మేస్త. అమ్మను బస్సుల తీస్కపోతం."

"బస్సుల అవ్వకు కష్టమైతది గదా."

"కాదా మరి? దవాఖాన నుంచి వచ్చేటప్పుడు కండ్లు తిరుగుతయ్, కక్కుకుంటది. నువ్వు మూడుసార్లు చూసినవ్. ఇంకేం చేద్దమంటవ్?"

అప్పుడు నాకు తెలిసింది. నా ఒక్క మాట వల్ల ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల కాళ్లు కట్టేసినట్టయింది. శనివారం దాకా ఆగమని బతిమాలాను. లోపం దొరక్కపోతే నా చేతులతో నేనే అమ్మిపెడతానన్నాను. అతను జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

షెడ్డులో ఇంకా ఐదు బండ్లున్నాయి. వాటి వాళ్లందరికీ ఫోన్లు చేసి, ఆదివారం దాకా ముట్టనని చెప్పాను. ఒకాయన ఫోన్లో తిట్టిన తిట్లకు నా ఫోను వేడెక్కి చెవి కాలింది. తర్వాత ఎస్తేరమ్మకు చేశాను.

"అమ్మా, తప్పు నాది. రేపు రండ్రి. ఆ బుక్కు తెండ్రి."

"చాయ్‌కి పంపరు గదా?" అంది.

బుక్కులో ఉన్నది

శుక్రవారం పొద్దున బస్సు దిగి వచ్చింది. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఆ బుక్కు మొదటిసారి చదివాను. జాకెట్ల మధ్యలో పదకొండు చోట్ల రాసి ఉంది. పదకొండింటిలోనూ రెండు మాటలు తప్పకుండా ఉన్నాయి: 'ఎడమ', 'గడ్డ'. గడ్డ అంటే స్పీడు బ్రేకరు. ఎడమకు తిరుగుతూ, స్పీడు బ్రేకరు దిగుతూ, మెల్లగా ఆగేటప్పుడు. మరి నేను ఎక్కడ చూశాను? ఒక్క మలుపు లేని, ఒక్క గడ్డ లేని హైవే మీద, ఎనభైలో. లోపం ఉండే ఊరు ఒకటైతే, నేను పోయి తలుపు కొట్టింది ఇంకో ఊళ్లో.

మా మార్కెట్ యార్డు ఆ రోజు ఖాళీ. లోపలికి ఎడమ మలుపు ఉంది, వెంటనే గడ్డ ఉంది. ఆమెను నడపమన్నాను. నేను పక్కన కూర్చున్నాను.

"మీరు నడపరా?"

"నేను నడిపితె అది మంచిగ ఉంటది. నన్ను చూస్తె దానికి సిగ్గు."

నాలుగుసార్లు ఏమీ కాలేదు. ఐదోసారి గడ్డ దిగి ఆగబోతుంటే గర్రుమంది. కారు ముందుకు పోయింది. నేను నా వైపు లేని బ్రేకును రెండు కాళ్లతో తొక్కి, "యా అల్లా!" అని అరిచిన అరుపుకు యార్డు రేకుల మీద పావురాలన్నీ లేచి ఆలంపూరు దాకా పోయి ఉంటాయి.

ఎస్తేరమ్మ కారు ఆపి, నా కాళ్ల వైపు చూసింది. "భాయ్, సగం సగం తొక్కినట్టున్నరు."

పడాల్సిన మాటే. పడ్డాను.

షెడ్డులో మళ్లీ జాకీ ఎత్తాను. ఈసారి మీటరు పెట్టి, ఆమెను స్టీరింగు తిప్పమన్నాను. మొన్న నేను చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు చూశాను. అది పరుగెత్తితే గుండె దడ వచ్చేవాణ్ని పడుకోబెట్టి నాడి చూడడం లాంటిది.

"తిప్పండ్రి. ఎడమకు. ఇంకా... ఇంకా..."

నేను వైరును వేలితో కొద్దిగా లాగాను. మీటరు మీద అంకె మాయమైంది. వదిలితే వచ్చింది. లాగితే పోయింది. పైన రబ్బరు నున్నగా, పెళ్లికొడుకులా ఉంది. లోపల తీగ మాత్రం తెగి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. చక్రం తిన్నగా ఉంటే ఆనుకుంటాయి, ఎడమకు తిరిగి గడ్డ మీద కుదిపితే విడిపోతాయి. వైరును పట్టుకుని ఉండాల్సిన క్లిప్పు చూద్దామంటే లేదు.

కంపెనీ బిగించిన క్లిప్పు తనంతట తాను ఎందుకు ఊడుతుంది? ఆమెనే అడిగాను.

"ఈ నడుమ కింద ఏమన్నా చుట్టుకున్నదా అమ్మా?"

"ఏం చుట్టుకుంటది? ఉలవకట్టె చుట్టుకున్నది, అందరి బండ్లకు చుట్టుకున్నట్టే. మొదటిసారి వచ్చిన్నాడు మీరే గదా పీకిండ్రు."

నేను మీటరు కింద పెట్టాను.

మా వైపు చలికాలంలో ఉలవ కోసి, ఎండిన కట్టెను తారురోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. కళ్లం చేసుకునే జాగా లేని రైతు ఇంకేం చేస్తాడు? మనం నెమ్మదిస్తే ఆయనే చెయ్యి ఊపి "పోనియ్, పోనియ్" అంటాడు. ఆత్మకూరు రోడ్డు మీద ఆమె వారానికి మూడుసార్లు, పోను రాను, అలా తొక్కుకుంటూ పోయింది. ఆ కట్టె చక్రం వెనక తిరిగే కడ్డీకి చుట్టుకుని, పేనుకుని, మోకులా బిగిసి, వైరును లాగింది. క్లిప్పు ఊడింది, తీగ తెగింది. ఆ మోకును మొదటి రోజే నేను చూశాను. కొడవలి పెట్టి కోసి, పిడికెడు పిడికెడు పీకి, గేదెకు వేయమని పక్కింటికి ఇచ్చాను. ఆ కాలంలో వచ్చే ప్రతి బండికీ ఉంటుంది కాబట్టి అది నా కంటికి లోపంలా కనిపించలేదు, చెత్తలా కనిపించింది. బయటి ఊరి మెకానిక్కు అయితే "ఇదేంది?" అని ఆగి, అది ఏం లాగిందో చూసేవాడు. నేను ఇక్కడివాణ్ని కాబట్టి చూడలేదు.

కొత్తవాళ్లూ, రోజూ కనబడే దాన్ని చూడటమే ఈ పనిలో కష్టం. స్కానరు దాన్ని చూపించదు.

శనివారం

తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం రెండు నిమిషాల పని. ఒకప్పుడు అలాంటివి చేశాను, ఒప్పుకుంటున్నాను. హారనుకు చెయ్యండి, పాటల పెట్టెకు చెయ్యండి. బ్రేకుకు సంబంధించిన వైరుకు చేస్తే మాత్రం ఆ బండిలో మీరే కూర్చోండి, ఇంకెవర్నీ ఎక్కించకండి. హైదరాబాద్ నుంచి వైరుతో సహా కొత్త సెన్సారు శనివారం తెల్లవారి మొదటి బస్సులో వచ్చింది. బిగించాను. కొత్త క్లిప్పులు పెట్టాను. మిగిలిన మూడు చక్రాల వైర్లూ లాగి, తిప్పి చూశాను. యార్డులో ఆ మలుపు నలభైసార్లు తిరిగాను. వాచ్‌మన్ వచ్చి, "ఏం పోగొట్టుకున్నవ్ కరీం భాయ్?" అని అడిగాడు. ఇజ్జత్ అన్నాను.

దవాఖాన దగ్గరకు కారు తీసుకుపోయేసరికి తల్లి లోపల మంచం మీద ఉంది. ఆ రోజు బస్సులో వచ్చారు. ప్రభుదాస్ చొక్కా ముందు భాగమంతా కడుక్కోవడంతో తడిగా ఉంది, ఎందుకో అడగలేదు. ఎస్తేరమ్మ అతని పక్కనే నిలబడి ఉంది.

"ప్రభుదాస్, ముందుగాల ఒక మాట విను. మీ చెల్లె తప్పు ఒక్కటి లేదు. ఆమె మొదటి రోజే మంచిగ చెప్పింది. నేను వినలేదు. అవ్వ నుదుటి మీది బొప్పి నాదే."

వైరు ముక్క చేతిలో పెట్టి, లాగి చూపించాను. అదే గేటు, అదే ఎడమ మలుపు, అదే గడ్డ. ఆమె నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. ఆమె సంచిలోంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, రోడ్డు మీద తానే గీత గీసుకుంది. పదిసార్లు తిరిగింది. పదిసార్లూ ముందు టైరు గీత మీదనే ఆగింది. వైద్యానికి వచ్చినవాళ్లు కొందరు మమ్మల్ని చూడ్డానికే ఆగిపోయారు.

ప్రభుదాస్ చేతులు కట్టుకుని అంతా చూశాడు. తర్వాత అడిగాడు. "ఇయ్యాల ఆగింది. నువ్వు బాగైందని చెప్పిన్నాడు కూడ ఆగింది గదా. రేపు ఆగకపోతె?"

ఈ వృత్తిలో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. వచ్చి పోయే లోపం పోయిందని చెప్పడానికి ఒక్క రోజు సాక్ష్యం చాలదు. నా నోటికి "బాగైంది" అన్న మాట అలవాటుగా వచ్చింది. మింగాను.

"నాకు తెల్వదు. రెండు వారాలు అమ్మకాన్ని ఆపు. ప్రతిసారి నేను గూడ బండిల కూసుంట. అవ్వ ఎనక సీట్ల ఉంటె, నేను పక్కన ఉంట. ఆగకపోతె ముందుగాల నా నెత్తి పలుగుతది."

అతను ఒప్పుకున్నాడు.

ఆరు ప్రయాణాలు

ఆరుసార్లు జడ్చర్ల నుంచి తెల్లవారి బస్సెక్కి ఆత్మకూరు పోయి, వాళ్లతో దవాఖానకు వచ్చి, ఐదుసార్లు ఇంటిదాకా దింపి తిరిగి వచ్చాను. రోడ్డు మీద ఉలవకట్టె కనబడితే ఎస్తేరమ్మ పక్కన మట్టి మీదికి దించి మెల్లగా దాటేది. రైతులు చెయ్యి ఊపి పిలిచినా పోయేది కాదు. ప్రతి గడ్డ దగ్గరా నా కాలు దానంతట అదే బిగుసుకునేది.

నాలుగో ప్రయాణంలో వెనక నుంచి అవ్వ అంది. "కరీమూ, దవాఖానకు పోయేది నేనా, నువ్వా? మొకం గట్ల వెట్టినవేంది?"

"బ్రేకు వింటున్న అవ్వా."

"అది ఏమంటాంది?"

"ఏమంటలేదు."

"మరి నువ్వు గూడ ఏమనకు. జర నిద్ర వోత."

పోయింది కూడా. మిగతా దారంతా ఆమె గురక తప్ప కారులో ఇంకో చప్పుడు లేదు.

ఆరో ప్రయాణం శనివారం పడింది. సాయంత్రం దవాఖాన నుంచి అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టాం. నేను ముందు తలుపు తీయబోతుంటే ఎస్తేరమ్మ లోపలి నుంచి గొళ్లెం వేసింది.

"భాయ్, మీరు ఇంటికి వోండ్రి."

"ఇంటిదాకా పోవుడు ఇంకా ఉన్నది గదా, రెండు వారాలన్న..."

"అన్నను అడిగిన. రెండో తాళంచెవి గూడ ఇచ్చేసిండు. ఇగ మీరు పక్కన కూసుంటె నాకే భయమైతాంది. ఒక్కొక్క గడ్డ కాడ మీరు కాళ్లు లేపుతున్నరు."

నేను పక్కకు జరిగాను. కారు కదిలి గేటు దగ్గర ఎడమకు తిరిగింది, గడ్డ ఎక్కి దిగింది. సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన చేతికర్రతో అడ్డం వచ్చాడు. వెనక రెండు ఎర్రదీపాలూ వెలిగాయి. నా కాలు రోడ్డు మీదే బిగుసుకుంది. కారు ఆయనకు రెండు గజాల దూరంలో, ఎంత మెత్తగా ఆగిందంటే, వెనక అద్దంలో కనబడుతున్న అవ్వ తల కూడా కదల్లేదు. ముసలాయన తాపీగా దాటాడు. దీపాలు ఆరాయి. ఆమె వెనక్కి చూడకుండా ఆత్మకూరు దిక్కు పోయింది.

నేను జడ్చర్ల బస్సు కోసం నడిచాను.